ఈ పెద్ద ఈగ ఏ జాతిది, ఆడదా మగదా?

ప్రశ్న: ఐరోపాలో తీసిన ఈ చిత్రంలోని ఈగ పొడవు సుమారు 24 మిల్లీమీటర్లు. రెక్కలపై మచ్చలు లేవు. ముదురు పొట్ట నడుమ లేత త్రికోణాలు వరుసగా ఉన్నాయి, కళ్ల మధ్య సన్నని బూడిద రంగు పట్టీ కనిపిస్తోంది. దీని జాతిని, లింగాన్ని దయచేసి తెలుపగలరా?

జవాబు 1: ఇది ఆడ జోరీగ, అందులో సందేహం అక్కరలేదు. మగవాటిలో రెండు కళ్లూ నడినెత్తిన ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి కనుక మీరు చెప్పిన పట్టీయే లింగాన్ని తేల్చేస్తుంది. గుడ్ల ఎదుగుదలకు పశువుల రక్తం పీల్చేది ఆడదే. మగది, పాపం, మకరందంతోనే సరిపెట్టుకుంటుంది.

జవాబు 2: లింగం విషయంలో నేనూ ఏకీభవిస్తాను. జోరీగల్లో క్రైసాప్స్ అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) రెక్కలపై ముదురు పట్టీలు, హెమటోపోటా అనే ప్రజాతి రెక్కలపై మరకలు ఉంటాయి కాబట్టి, ఈ పరిమాణానికి తేట రెక్కలున్న ఇది టబానస్ ప్రజాతిదే. ఇక జాతి సంగతి: త్రికోణాల కొనలు పొట్ట ఖండాల ముందు అంచును తాకితే, కళ్లు పచ్చగా ఉంటే టబానస్ బోవినస్, కొనలు అంచుకు చేరక ముందే ఆగిపోయి, కళ్లు ముదురు గోధుమ రంగులో ఉంటే సుడెటికస్. అయితే చనిపోయిన ఈగలో కంటి రంగు మారిపోతుంది, దానిని నమ్మకండి.

ప్రశ్నించినవారు: బతికి ఉండగానే చూశాను, కళ్లు ముదురు గోధుమ రంగులో ఉన్నాయి, కొనలు అంచును తాకలేదు.

జవాబు 2: అయితే టబానస్ సుడెటికస్, ఆడది.