హోమ్‌కు చేరిన బిడ్డ కుటుంబానికి నెలకు రూ. 4,000 ఇవ్వడం న్యాయమేనా?

కదిరి ఆడపడుచు (వైట్‌ఫీల్డ్): మా తమ్ముడు, మరదలు ఇక్కడ బెంగళూరులో బిల్డింగ్ పనులకు వచ్చారు. ఇద్దరూ పనిలో ఉండగా వాళ్ళ నాలుగేళ్ళ పాప ఒంటరిగా రోడ్డు మీదికి వచ్చేస్తే ఎవరో పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేశారు, ఇలాంటి పిల్లల గురించి నిర్ణయించే బాలల సంక్షేమ సమితి పాపను బాలల హోమ్‌లో ఉంచింది. తిరిగి ఇవ్వాలంటే చిరునామా రుజువు కావాలన్నారు. ఆధార్‌లో ఉన్నది కదిరి చిరునామా. వాళ్ళు ఉండేది రేకుల షెడ్డులో, దానికి కాగితం రాసివ్వడానికి మేస్త్రీ ఒప్పుకోలేదు. పిల్లలను సంస్థల్లో ఉంచడం చివరి మార్గం కావాలని 2015 నాటి బాల న్యాయ చట్టమే చెబుతోంది. బిడ్డ ఇంట్లోనే పెరిగేందుకు కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు రూ. 4,000 స్పాన్సర్‌షిప్ ఉంది. అది ముందే అంది ఉంటే మరదలు పని మానుకుని పాప దగ్గరే ఉండేది.

జయనగర్ మాస్టారు: ఆ సొమ్ము సాయంత్రానికి మందు దుకాణం చేరుతుందమ్మా.

కదిరి ఆడపడుచు: ఖాతా బిడ్డ పేరునే ఉండాలని, వీలైనంతవరకు తల్లే దాన్ని నడపాలని నిబంధన ఉంది మాస్టారూ. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి రూ. 72,000, మిగతాచోట్ల రూ. 96,000 దాటకూడదన్న పరిమితి కూడా ఉంది.

జయనగర్ మాస్టారు: ఖాతా తల్లే నడిపినా ఏటీఎం కార్డు భర్త జేబులో ఉంటుంది.

హెబ్బాళ పాఠకుడు: కార్డు సంగతి వదిలేసి అసలు విషయం మాట్లాడండి.

కదిరి ఆడపడుచు: మా తమ్ముడు మందు ముట్టడు. కూలి చేసుకునే ప్రతి మనిషినీ తాగుబోతు అనుకోవడం వల్లనే, పేదరికాన్ని నిర్లక్ష్యమని రాసి బిడ్డలను తీసుకుపోతున్నారు. యాభై మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లలకు గది ఏర్పాటు చేయాలని 2025 దాకా అమల్లో ఉన్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. ఆ గది లేనందుకు కాంట్రాక్టరును అడిగినవారు లేరు, తల్లిని మాత్రం నిలబెట్టి అడిగారు.

జయనగర్ మాస్టారు: నేను హోమ్‌లో పెరిగినవాణ్ణి. పదేళ్ళప్పుడు కుటుంబానికి అప్పగించామని రిజిస్టరులో రాసుకుని నన్ను మా నాన్న వెంట పంపించారు. ఆ తరువాత ఏ అధికారీ మా గుమ్మం తొక్కలేదు. బెల్టు వాతలు బడిలో కనబడకూడదని ఎండాకాలంలో కూడా నిండు చేతుల చొక్కాయే వేసుకున్నాను. ఇల్లు ఎప్పుడూ మంచిదేనని మీరు రాస్తుంటే చూస్తూ ఊరుకోలేను.

కదిరి ఆడపడుచు: చదివి కడుపు తరుక్కుపోయింది. అయినా మీ ఇంటికి అధికారులు రాకపోతే దానికి శిక్ష మా మరదలు అనుభవించాలా?

జయనగర్ మాస్టారు: పాపను ఇవ్వవద్దని నేను అనడం లేదు. ఇచ్చాక నెలనెలా వచ్చి చూసేది ఎవరో సమితి ఇచ్చే ఉత్తర్వులోనే పేరు రాయాలంటున్నాను. అది లేకుండా నాలుగు వేలు కాదు, నలభై వేలు ఇస్తామన్నా ఒప్పుకోను.

హెబ్బాళ పాఠకుడు: కేసును కదిరి ఉన్న శ్రీ సత్యసాయి జిల్లా సమితికి బదిలీ చేయమని అడగండి. అప్పుడు ఆధార్ చిరునామాతో చిక్కు ఉండదు, అక్కడి బాలల సంరక్షణ విభాగమే ఇల్లు చూసి నివేదిక ఇస్తుంది.

కదిరి ఆడపడుచు: పని ఇక్కడ ఉంటే పాపను కదిరికి పంపి తల్లి ఏం చేస్తుందండీ? మాస్టారూ, మీరన్న పేరు రాయించడానికి అర్జీ ఎవరికి పెట్టాలో చెప్పండి, రేపే రాసిస్తాను. స్పాన్సర్‌షిప్ మాత్రం వదులుకోను.