థీమ్‌లో ప్రివిలేజ్ ఎస్కలేషన్ ఉందని స్కానర్ చూపిస్తోంది, రిజిస్ట్రేషన్ ఆపేస్తే చాలా?

సంఘంసైట్:
అందరికీ నమస్కారం. మా పూర్వ విద్యార్థుల సంఘం వర్డ్‌ప్రెస్ సైట్ నేను చూసుకుంటున్నాను. కొన్న థీమ్, సభ్యుల రిజిస్ట్రేషన్ ఫారం కూడా దానిదే. సబ్‌స్క్రైబర్‌గా (అతి తక్కువ హక్కులున్న మామూలు సభ్యుడిగా) ఉన్నవాళ్లు అడ్మిన్ అయిపోవచ్చని స్కానర్ హెచ్చరిస్తోంది. అప్‌డేట్ ఇంకా రాలేదు. సెట్టింగ్స్‌లో ఎవరైనా రిజిస్టర్ కావచ్చన్న టిక్ తీసేశాను. ఇది చాలా? అసలు థీమ్ అంటే రంగులు, ఫాంట్లే కదా, అడ్మిన్‌ని చేసే శక్తి దానికెక్కడిది?

పాతకోడర్:
చాలదండి. థీమ్‌లోని ఫంక్షన్స్ ఫైల్ పీహెచ్‌పీ కోడే. ప్లగిన్ చేయగలిగినదంతా అదీ చేయగలదు. పైగా మీ ఫారం థీమ్‌ది కాబట్టి ఆ టిక్‌ని చూడకుండానే ఖాతా తెరుస్తుండొచ్చు. ఇప్పటికే ఉన్న సభ్యుల్లో ఒక్కరి పాస్‌వర్డ్ బయటపడినా ప్రమాదమే.

నేను తరచూ చూసేది చెబుతాను. థీమ్ ఆప్షన్లు సేవ్ చేసే అజాక్స్ (పేజీ మళ్లీ లోడ్ కాకుండానే బ్రౌజర్ సర్వర్‌తో మాట్లాడే పద్ధతి) ఫంక్షన్ ఒకటుంటుంది. బ్రౌజర్ పంపిన ఆప్షన్ పేరు, విలువ రెండూ తీసుకుని సైట్ సెట్టింగ్‌లు మార్చే వర్డ్‌ప్రెస్ ఫంక్షన్ 'అప్‌డేట్ ఆప్షన్' చేతికి నేరుగా ఇస్తుంది. మామూలు సబ్‌స్క్రైబర్ ఆ రిక్వెస్ట్‌తో 'యూజర్స్ క్యాన్ రిజిస్టర్'ని 1 చేస్తాడు, 'డిఫాల్ట్ రోల్'ని అడ్మినిస్ట్రేటర్ చేస్తాడు, కొత్త ఖాతా తెరుస్తాడు. మీరు తీసేసిన టిక్‌ని వాడే మళ్లీ పెట్టుకుంటాడన్నమాట.

అక్కడ 'ఈజ్ అడ్మిన్' అని తనిఖీ పెట్టి ఊరుకుంటారు చాలామంది. అది మనిషి హక్కును చూడదు, అడ్మిన్ వైపు రిక్వెస్టా కాదా అని మాత్రమే చూస్తుంది. అడ్మిన్ అజాక్స్ ద్వారా ఎవరు వచ్చినా అవుననే అంటుంది. నాన్స్ (రిక్వెస్ట్ మన సైట్ పేజీ నుంచే వచ్చిందా అని చూసే టోకెన్) కూడా హక్కులకు బదులు కాదు. 'కరెంట్ యూజర్ క్యాన్'తో 'మేనేజ్ ఆప్షన్స్' ఉందా అని అడగాలి, ఏయే ఆప్షన్లు మార్చనివ్వాలో కోడ్‌లోనే రాసిపెట్టాలి. ఈ పని థీమ్ తయారీదారులదే. డబ్బు తీసుకుని అమ్మేవాళ్లు ఇంత చిన్న తనిఖీ వదిలేయడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

బ్యాకప్ తీసి, వేరే థీమ్‌కి మారి, పాతదాని ఫోల్డర్ తీసేయండి. చైల్డ్ థీమ్‌కి (ఇదే థీమ్ మీద ఆధారపడి నడిచేదానికి) మారితే లాభం లేదు, పేరెంట్ కోడ్ నడుస్తూనే ఉంటుంది.

సంఘంసైట్:
థీమ్ మారిస్తే సభ్యుల పేజీలన్నీ పోతాయండి. త్వరలో సర్వసభ్య సమావేశం, అదొక టెన్షన్.

సర్వర్‌పని:
అయితే ఆ లోపానికి రూల్ ఉన్న ఫైర్‌వాల్ పెట్టండి. లోపం ఏ అజాక్స్ యాక్షన్‌లో ఉందో తెలిస్తే, థీమ్ లోడయ్యాక దాన్ని 'రిమూవ్ యాక్షన్'తో తీసేసే మస్ట్ యూజ్ ప్లగిన్ (డాష్‌బోర్డ్‌లో ఆపే వీల్లేకుండా ఎప్పుడూ నడిచేది) చిన్నది రాయించుకోవచ్చు. కానీ లాగిన్ లేకుండానే పనిచేసే లోపమైతే ఒక్క రోజు కూడా ఆగకండి. 2025లో మోటార్స్ థీమ్‌లో బయటపడింది అలాంటిదే, భద్రతా లోపాల జాబితాలో దాని నంబర్ సీవీఈ-2025-4322. పాస్‌వర్డ్ మార్చేటప్పుడు అవతలివాళ్లు ఎవరో సరిగ్గా చూడకపోవడంతో బయటివాళ్లు అడ్మిన్ పాస్‌వర్డే మార్చగలిగేవారు. 5.6.67 వరకూ లోపం ఉంది, 5.6.68లో సరిచేశారు.

పాతకోడర్:
ఇంకోటి. లోపాన్ని మూసేసినా, ఈలోపు ఎవరైనా అడ్మిన్ అయ్యుంటే వాళ్ల ఖాతా అలాగే ఉంటుంది. డాష్‌బోర్డ్ జాబితాను నమ్మొద్దు, చొరబడినవాళ్లు తమ పేరు అందులో కనపడకుండా చేసుకోగలరు. డేటాబేస్‌లో యూజర్‌మెటా టేబుల్ తెరిచి, కేపబిలిటీస్ వరుసల్లో అడ్మినిస్ట్రేటర్ అని ఎవరెవరికి ఉందో చూడండి. 'డిఫాల్ట్ రోల్' సబ్‌స్క్రైబర్‌గానే ఉందా చూడండి. తర్వాత అడ్మిన్ పాస్‌వర్డ్‌లు, కాన్ఫిగ్ ఫైల్‌లోని సాల్ట్‌లు (లాగిన్‌లను కాపాడే రహస్య కీలు) మార్చండి. సాల్ట్‌లు మారగానే లాగిన్ అయి ఉన్నవాళ్లంతా బయటికి వచ్చేస్తారు. సభ్యులకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి, కంగారు పడతారు.