పండుగ లెక్క సరిపోతుంది, తర్వాతి నెలే సరిపోదు. మీ ఇళ్లలో ఎలా నెట్టుకొస్తున్నారు?

నెలాఖరు:
ప్రతిసారీ ఇదే తంతు. పండుగకి ముందు కాగితం మీద లెక్క రాసుకుంటాం. బట్టలు, కానుకలు, ప్రయాణాలు, ఇంటికొచ్చే చుట్టాల ఖర్చు. అన్నీ కలిపినా జీతం, బోనస్‌లలో సరిపోతుంది. తీరా పండుగ వెళ్లాక పదో తారీఖుకే ఖాతా ఖాళీ. పోయినసారి పాప స్కూల్ ఫీజుకి మా తమ్ముణ్ణి అడగాల్సి వచ్చింది. వాడు మారుమాట్లాడకుండా పంపాడు, అదే ఇంకా బాధ. మేం దుబారా మనుషులం కాదండీ. మరి డబ్బు ఎటు పోతోంది?

చిట్టాపద్దు:
ఈ ప్రశ్నే నాకూ ఉండేది. రెండేళ్ల కిందట విసుగొచ్చి, పండుగకి అటూ ఇటూ నెల రోజులు పైసా వదలకుండా రాశాం. పాత క్యాలెండర్ తిరగేసి వంటింటి తలుపుకి తగిలించి, పెన్ను దారంతో కట్టాను. (పెన్ను కట్టకపోతే ఎవరూ రాయరు. అనుభవం.)

కూడి చూస్తే బట్టలు, కానుకలు అనుకున్నంతే అయ్యాయి. కొన్నవాటికి తోకల్లా వచ్చినవి ఎక్కువ. లైట్లు కొంటే ఎక్స్‌టెన్షన్ బాక్సు, బట్టలు కొంటే కుట్టుకూలి, ఆ బట్టల మీదికి చెప్పులు. చివరి రెండు రోజుల్లో "ఇదొక్కటి మర్చిపోయాం" అంటూ నాలుగుసార్లు బజారుకి వెళ్లడం, వెళ్లినప్పుడల్లా అవసరం లేనిది ఇంకోటి పట్టుకురావడం.

కానీ అసలు దెబ్బ అది కాదు. "పండగయ్యాక చూద్దాం" అని పక్కన పెట్టినవి. ఇన్సూరెన్స్ ప్రీమియం, బండి సర్వీసింగ్, అమ్మ కళ్లజోడు, మిక్సీ రిపేరు. అన్నీ ఒకే వారంలో మీద పడ్డాయి. వంద అనుకున్నచోట నూట ముప్పై ఎనిమిది అయింది. ఆ ముప్పై ఎనిమిదిలో పండుగ ఖర్చు సగం కూడా లేదు. మీ కాగితంలో ఆ పక్కన పెట్టినవి రాశారా?

నెలాఖరు:
లేదండీ. ఒక్కటి కూడా లేదు.

కత్తెర_సూది:
కుట్టుకూలి అని రాసినందుకు దండం. నేను కుట్టేదాన్నే. బట్ట కొనేటప్పుడు మా డబ్బులు ఎవరికీ గుర్తుండవు, తీసుకెళ్లేటప్పుడు మాత్రం బేరం.

వడ్డీబాధితుడు:
మా ఇంట్లో చిల్లు పడింది క్రెడిట్ కార్డు దగ్గర. పండుగ బిల్లులో "మినిమం డ్యూ" (ఆ నెలకి కనీసం కట్టాల్సింది) అని చిన్న అంకె కనబడింది. అది కట్టేసి ధీమాగా కూర్చున్నా. చాలా కార్డుల్లో మొత్తం కట్టకపోతే వడ్డీ గడువు తేదీ నుంచి కాదు, కొన్న రోజు నుంచే వేస్తారు. పాత బాకీ తీరేదాకా కొత్తగా గీకినవాటికీ వడ్డీ లేని రోజులు ఉండవు. అంటే ఆ తర్వాత కొన్న పెట్రోలు, సరుకులు కూడా మొదటి రోజు నుంచే వడ్డీలో. నెలకి 3 శాతమేగా అనిపిస్తుంది. అది నెలనెలా అసలులో కలుస్తూ పోతే ఏడాదికి 42 శాతం దాటుతుంది. తర్వాతి పండుగ వచ్చేసరికి కూడా పాత పండుగ బట్టల బాకీ కడుతూనే ఉన్నా. ఆ చొక్కా ఎప్పుడో బండి తుడిచే గుడ్డ అయింది.

నెలాఖరు:
వడ్డీ లేని ఈఎంఐ అంటున్నారు కదా, అదైతే పర్లేదా?

వడ్డీబాధితుడు:
అదే వస్తువుకి డబ్బు ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో అడగండి. ఈఎంఐ మీద ఆ తగ్గింపు ఇవ్వకపోతే మీ వడ్డీ అక్కడే ఉంది. ప్రాసెసింగ్ ఫీజు కూడా చూడండి.

పుస్తకాలపురుగు:
బోనస్ గురించి ఒక మాట. అదే డబ్బు జీతంగా వస్తే ఆచితూచి తీస్తాం, బోనస్‌గా వస్తే చేతులు రావు ఆపడానికి. మనసులో ఇలా వేరు వేరు ఖాతాలు పెట్టుకోవడాన్ని రిచర్డ్ థేలర్ మెంటల్ అకౌంటింగ్ అన్నాడు. ఆయనకి 2017లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది. 2001లో ప్రెలెక్, సిమెస్టర్ అనే ఇద్దరు ఒక ప్రయోగం ప్రచురించారు. బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లకి వేలం పెడితే, క్రెడిట్ కార్డుతో కట్టాల్సినవాళ్లు నగదు కట్టాల్సినవాళ్లకంటే రెట్టింపుకి పైగా పాడారు. అందుకే పండుగ బజారుకి నేను నగదే తీసుకెళ్తా.

పెద్దకోడలు:
నోబెల్ సంగతి నాకు తెలీదుగానీ బాబూ, మా ఇంట్లో ఖర్చు పెరిగింది మొహమాటంతో. మా తోడికోడలు వాళ్లు ఇంత ఖరీదు కానుక పెట్టారని మేం, మేం పెట్టామని వాళ్లు. ఏటా ఒక మెట్టు. ఒకరోజు మా తోడికోడలికి ఫోన్ చేసి "ఈసారి పిల్లలకి మాత్రమే పెట్టుకుందామా?" అని అడిగేశా. అవతల కాసేపు మాట లేదు. కోపం వచ్చిందేమో అనుకున్నా. "అక్కా, ఇదే నేను మూడేళ్లుగా ఎలా అడగాలో తెలీక ఊరుకున్నా" అంది! మా అత్తగారు మాత్రం రెండు రోజులు ముభావంగా ఉన్నారు. పెద్దవాళ్లకి ముందే చెప్పాల్సింది, అది నా పొరపాటే. ఇంకోటి, ఇది పండుగ ముందు వారంలో చెప్పకూడదు. అప్పటికే ఎవరో ఒకరు కొనేసి ఉంటారు.

చిట్టాపద్దు:
పన్నెండో వంతు పద్ధతి కూడా ఉంది. పోయిన పండుగకి అయిన మొత్తాన్ని పన్నెండుతో భాగించి, జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి.

బండి_టైర్లు:
మాకు ఆ వేరే ఖాతా పనిచెయ్యలేదండీ. ఆరో నెలలో టైర్లు అరిగాయి, అందులోంచే తీశాం. అత్యవసరానికి ఇంకోటి లేకపోతే పండుగ ఖాతానే అత్యవసర ఖాతా అవుతుంది.

చిట్టాపద్దు:
ఒప్పుకుంటున్నా. మాదీ మొదటేడు అలాగే అయింది.

నెలాఖరు:
అందరికీ థ్యాంక్స్. రాత్రి మేమిద్దరం కూర్చుని "పండగయ్యాక" అన్నవి రాశాం. పదకొండు వచ్చాయి. అందులో నాలుగు ఈ నెలలోనే తేల్చేస్తున్నాం, ఆ మేరకు కానుకల మొత్తం తగ్గింది. తమ్ముడి బాకీ పైన మొదటి వరసలో రాశాను. క్యాలెండర్ తలుపుకి తగిలించాం, పెన్ను మా పాప కట్టింది. మొదటి పద్దు కూడా తనే రాసింది: "దారం ఉండ, 1".