అప్‌డేట్: చిన్ననాటి తెరచాప పడవ మరమ్మతు

నా చిన్ననాటి చెక్క తెరచాప బొమ్మ పడవకు పాత రంగంతా గీకేయాలా, తెరచాపను నిలబెట్టే విరిగిన కొయ్యకు ఏ కర్ర వాడాలి అని అడిగినప్పుడు సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. పాత రంగులో సీసం ఉండవచ్చన్న హెచ్చరిక మేరకు, పొడిగా రుద్దకుండా, తడిపిన ఉప్పుకాగితంతో పెచ్చులూడిన చోట్ల మాత్రమే నునుపు చేసి, మిగిలిన నీలిరంగును అలాగే ఉంచాను. నా చేతులు ఎరిగిన పడవ అదే కదా. చిత్తూరులో మా వడ్రంగి మేస్త్రీగారు కొయ్యకు టేకు సూచించారు గానీ, పైభాగం బరువెక్కితే పడవ సులువుగా ఒరిగిపోతుంది కనుక తేలికైన వెదురునే సన్నగా చెక్కించాను. చివికిన తెరచాపను నమూనాగా పరచి, కోరా నూలుగుడ్డతో కొత్తది కుట్టించాను. చెక్కకు అవిసెనూనె పట్టించిన గుడ్డలను ముద్దగా వదిలేస్తే వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉన్నందున, విప్పి ఆరుబయట పరిచాను. నూనె పూర్తిగా ఆరాక పడవను కట్టమంచి చెరువులో వదులుతాను.