నూనెను విరగ్గొట్టి పెట్రోలు, డీజిల్ తీయడం లాభమా, దండగా?

పాత మెకానిక్: మొక్కల నూనెకు మిథనాల్ కలిపి బయోడీజిల్ చేసే బదులు, 450 డిగ్రీల దగ్గర జియోలైట్ (సన్నని రంధ్రాలున్న ఖనిజం, తాను ఖర్చవకుండా చర్యను నడిపే ఉత్ప్రేరకం) మీదుగా పంపితే అణువులు విరిగి పెట్రోలు, కిరోసిన్, డీజిల్ లాంటి ద్రవాలు వస్తాయి. రిఫైనరీలో క్రాకింగ్ అంటే ఇదే. బయటి నుంచి హైడ్రోజన్ కూడా అక్కర్లేదు. మరి అందరూ బయోడీజిల్ చుట్టూనే ఎందుకు తిరుగుతున్నారు?

తెల్లకోటు: ద్రవం ఎంతొస్తుందో కూడా చెప్పండి. నూనె బరువులో 11 శాతం దాకా ఆక్సిజనే. అది నీరుగా పోతే హైడ్రోజన్‌ను, కార్బన్ డయాక్సైడ్‌గా పోతే కార్బన్‌ను పట్టుకుపోతుంది. 100 కిలోల్లో 12 నుంచి 15 కిలోలు అక్కడే పోయాయి. ఆపైన కొంత గ్యాసుగా, కొంత కోక్‌గా (ఉత్ప్రేరకం మీద పేరుకునే నల్లటి కార్బన్) పోతుంది. బయోడీజిల్ అయితే దాదాపు 100 కిలోలూ చేతికొస్తుంది.

గానుగ: మిథనాల్ కలిపాక కదా ఆ 100?

పాత మెకానిక్: అదీ! సుమారు 11 కిలోల మిథనాల్ లోపలికి, 10 కిలోల గ్లిజరిన్ బయటికి. ఆ మిథనాల్ ఎక్కువగా సహజవాయువు నుంచి, బొగ్గు నుంచి తీసిందే. క్రాకింగ్‌లో వచ్చే గ్యాసు రియాక్టర్ వేడికి పనికొస్తుంది, కోక్ కాల్చేస్తే ఉత్ప్రేరకం మళ్లీ శుభ్రమవుతుంది.

తెల్లకోటు: నేనడిగింది ద్రవం ఎంత అని.

పాత మెకానిక్: ఆ ఒక్క అంకె వదలరా? చలికి బయోడీజిల్ పేరుకుని, ఫిల్టర్ మూసుకుపోయి నడిరోడ్డు మీద బండి ఆగితే తెలుస్తుంది. నాకు మూడుసార్లు ఆగింది.

తెల్లకోటు: మీకు ఫిల్టర్ పోయింది, నాకు రెండేళ్లు పోయాయి. ల్యాబులో ప్రతిసారీ ఉత్ప్రేరకం నల్లగా మారిపోయేది. వచ్చిన ద్రవంలో ఫ్యాటీ ఆమ్లాలు మిగిలేవి, ఇంజిన్‌లో పోస్తే లోహాన్ని తినేస్తాయి.

కొత్త సభ్యుడు: జియోలైట్ బదులు సోడియం కార్బొనేట్ లాంటి క్షారాన్ని ఉత్ప్రేరకంగా వాడితే ఆమ్లత తగ్గుతుందండీ.

పాత మెకానిక్: విన్నారా? మీ ప్రయోగం పాడైతే పద్ధతే పనికిరానిదా?

తెల్లకోటు: నా ప్రయోగం సంగతి వదిలేయండి! ఇది లాభసాటి అయిన రోజున మనుషులు తినే నూనెను టన్నుల్లో కొని ఇందులో పోస్తారు. నేను కిలో కిలో లెక్క అడుగుతున్నది అందుకు.

పాత మెకానిక్: ఈ మాట ముందే అనాల్సింది. నేను వేపుళ్లకు వాడేసిన నూనె గురించి మాట్లాడుతున్నాను.

తెల్లకోటు: మీ మొదటి పోస్టులో ఆ ముక్క లేదు.

గానుగ: వాడేసిన నూనెలో విడి ఫ్యాటీ ఆమ్లాలు ఎక్కువ. ముందు వాటిని తగ్గించకపోతే బయోడీజిల్‌లో సబ్బు కడుతుంది, క్రాకింగ్‌కు ఆ బెడద లేదు.

తెల్లకోటు: దానికైతే ఒప్పుకుంటాను. కానీ అందులోని ఉప్పును ముందే తీసేయాలి, లేకపోతే సోడియం జియోలైట్‌ను చంపేస్తుంది. అది ఎవరు, ఎలా తీస్తారో చెప్పండి, అప్పుడు మాట్లాడదాం.