వీఎన్‌సీకి మనిషికో పోర్టు తెరవాల్సిందేనా? ఒక్కదానితో అవ్వదా?

బ్రోడీపేట బుల్లోడు:
గుంటూరులో మాది చిన్న డ్రాయింగ్ ఆఫీసు, బిల్డింగ్ ప్లాన్లు గీస్తాం. ఒకే లైనక్స్ మెషీన్ మీద టైగర్‌వీఎన్‌సీ (దూరం నుంచి ఆ మెషీన్ స్క్రీన్ వాడుకోనిచ్చే వీఎన్‌సీ సర్వర్) పెట్టి అందరికీ తలో డిస్‌ప్లే, అంటే ఎవరి స్క్రీన్ వాళ్లకి, ఇచ్చా. ఒకటో డిస్‌ప్లేకి పోర్టు 5901, రెండో దానికి 5902, అలా బయటి నుంచి వచ్చేది ఆ మెషీన్‌కి పంపేలా రౌటర్లో వరసగా పోర్ట్ ఫార్వర్డింగ్ రాసుకుంటూ పోయా. ఇప్పుడు విజయవాడ నుంచి పనిచేసేవాళ్లు ఇంకో ఇద్దరు చేరారు. మళ్లీ రౌటర్ లాగిన్, మళ్లీ ఫైర్‌వాల్ రూల్, మళ్లీ "అన్నా, నాది ఏ నంబరు?" అని ఫోన్లు. పైగా లాగ్ తెరిస్తే ఊరూ పేరూ లేని ఐపీలు రాత్రంతా తలుపు కొడుతున్నాయి. అన్నీ ఒకే పోర్టు మీదుగా పోయే దారి చెప్పండి.

పటమట అడ్మిన్:
దారి సంగతి తర్వాత, ముందు ఆ 5900 వరస మొత్తం రౌటర్లో తీసేయండి. వీఎన్‌సీ మామూలు పాస్‌వర్డ్‌లో మొదటి 8 అక్షరాలే లెక్కలోకి వస్తాయి, మీరు ఎంత పొడుగు పెట్టినా అంతే.

బయటికి ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి భద్రంగా లాగిన్ అయ్యే దారి, పోర్టు 22) ఒక్కటే ఉంచి, దానికి పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి కీ ఫైళ్లు ఇవ్వండి. వీఎన్‌సీ సర్వర్‌ని లోకల్‌హోస్ట్‌లో, అంటే ఆ మెషీన్ లోపలి నుంచి వచ్చేవి మాత్రమే, వినేలా పెట్టండి. ఇక ఎవరి లాప్‌టాప్‌లో వాళ్లకి టన్నెల్, అంటే ఎస్‌ఎస్‌హెచ్ లోపలగా పోయే దారి: నాలుగో డిస్‌ప్లే వాళ్లకైతే, ఇక్కడ 5901కి వచ్చింది అక్కడ సర్వర్లో 5904కి పోవాలి అని ఒక్కసారి బ్యాచ్ ఫైల్లో రాసి డెస్క్‌టాప్ మీద పడేస్తే, వ్యూయర్లో అందరూ కొట్టేది లోకల్‌హోస్ట్, కోలన్, 1. నంబర్ల గోల ఉండదు. విండోస్ 10లో ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ ఎలాగూ ఉంది, పుట్టీ లాంటి వేరే ప్రోగ్రామ్ అక్కర్లేదు. కొత్త మనిషి వస్తే సర్వర్లో యూజర్, డిస్‌ప్లే, కీ, అంతే. రౌటర్ జోలికే పోరు.

మంగళగిరి వైర్లు:
బయటివాళ్లు తలుపు కొట్టగలుగుతున్నారంటే మీకు పబ్లిక్ ఐపీ ఉన్నట్టే, అదృష్టవంతులు. మాకు 100.64తో మొదలయ్యేది ఇచ్చారు, అంటే సీజీనాట్ (ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచడం), ఎన్ని ఫార్వర్డింగులు రాసినా లోపలికి ఒక్కటీ రాదు. స్టాటిక్ ఐపీ అడిగితే దానికి వేరే డబ్బులన్నారు. చివరికి ఒక అద్దె సర్వర్లో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టాం, దాని పోర్టు యూడీపీ 51820 అక్కడే తెరిచాం, ఆఫీసు రౌటర్లో ఏమీ తెరవలేదు. ఆఫీసు మెషీన్లో కీప్‌అలైవ్ (కనెక్షన్ తెగకుండా పంపే చిన్న పలకరింపు) 25 సెకన్లు పెట్టడం మాత్రం మర్చిపోవద్దు, లేకపోతే కాసేపు వాడకపోతే బయటి నుంచి అందదు.

బ్రోడీపేట బుల్లోడు:
టన్నెల్ పనిచేసిందండీ, థాంక్స్. ఇంకో చిక్కు: క్లయింట్ ఆఫీసులో కూర్చుంటే 22 బ్లాక్, లాప్‌టాప్ కూడా వాళ్లదే, ఏమీ ఇన్‌స్టాల్ చేయనివ్వరు.

పటమట అడ్మిన్:
అలాంటి చోటికి నోవీఎన్‌సీ. బ్రౌజర్ చాలు. దాన్ని వీఎన్‌సీకి కలిపే వెబ్‌సాకిఫైకి ఒక టోకెన్ ఫైలిచ్చి ఏ పేరు ఏ పోర్టుకో రాస్తే డిస్‌ప్లేలన్నీ ఒక్కదాని వెనక సర్దుకుంటాయి, ముందు ఎన్‌జింక్స్ వెబ్ సర్వర్ పెట్టి హెచ్‌టీటీపీఎస్ పోర్టు 443 ఒక్కటే తెరవండి. ఎన్‌జింక్స్‌లో లాగిన్ అడగాల్సిందే, లేకపోతే టోకెన్ తెలిసిన ప్రతివాడూ నేరుగా ఆ 8 అక్షరాల పాస్‌వర్డ్ దాకా వచ్చేస్తాడు. పెద్ద ప్లాన్ జూమ్ చేస్తే కాస్త ఈడుస్తుంది, కాబట్టి రోజువారీ పనికి టన్నెలే వాడండి.