బడులు తెరిచేలోగా అరకు ప్రయాణం: సలహా కావాలి

నమస్కారం. జూన్ 12న బడులు తెరుచుకోనుండగా ఆవకాయ పెట్టడం, పుస్తకాలకు అట్టలు వేయడం, యూనిఫాంలు కుట్టించడం అన్నీ ఒకేసారి మీద పడినప్పటికీ, విజయనగరంలో అమ్మమ్మగారింట ఉన్న పిల్లలను హైదరాబాదు తీసుకువచ్చే ముందు వారికి బొర్రా గుహలు, అరకు లోయ చూపించాలని గట్టిగా అనుకుంటున్నాము. మా ఇద్దరి ఉద్యోగాల వల్ల ఈ వేసవిలో వారిని ఎక్కడికీ తీసుకువెళ్లలేకపోయాము. ఆ వెలితి నన్ను నిజంగా బాధిస్తోంది.

విశాఖపట్నంలో ఉదయం బయలుదేరే కిరండూల్ రైలులో సొరంగాల గుండా వెళ్లాలని పిల్లల కోరిక. బొర్రా గుహలు స్టేషనులో దిగి, గుహలు చూసి, అక్కడి నుంచి రోడ్డు మార్గాన అరకు వెళ్లి, అదే రాత్రికి విశాఖ చేరుకోవడం మోకాళ్ల నొప్పులున్న మా అమ్మగారికి సాధ్యమేనా? లేక అరకులో ఒక రాత్రి ఉండడమే మేలా? ముఖ్యంగా గుహల లోపలి మెట్లు పెద్దవారు దిగి ఎక్కగలిగేలా ఉంటాయో లేదో అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.